రాతమ్మ రాసిన రెండు బోర్డులు

మా జూలో ఏనుగుల ఆవరణ వెనక, గడ్డిమోపులు దించే చోటు దాటాక, రేకుల షెడ్డు ఒకటి ఉండేది. దాని తలుపు మీద ఏ బోర్డూ లేదు. జూ మొత్తానికి బోర్డులు రాసే మనిషి గదికే బోర్డు లేకపోవడమేమిటని, పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను.

"నేనిక్కడుంటానని అందరికీ తెలుసు కదా బాబూ. తెలియనివాళ్లకే బోర్డు" అందావిడ, కుంచె ఆపకుండానే.

ఆవిడను అందరూ రాతమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది తప్ప ఎవరి నోటా వినలేదు. రాతమ్మ అని పెట్టింది అత్తగారు. ఆవిడ కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో అదే పేరుతో ఆడపడుచు ఉంది. అత్తగారు వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజున తేల్చేసిందట. "ఒకే పేరుతో ఇద్దరుంటే, తిన్నావా అంటే ఇద్దరూ పలుకుతారు, అంట్లు తోమావా అంటే ఇద్దరూ పలకరు. ఇలాగైతే నాకు కుదరదు." కూతురి పేరు కూతురికి ఉంచేసి, కోడలికి చేతిలో ఉన్న పనిని బట్టి కొత్త పేరు పెట్టింది. "నా తలరాత అలా ఉంది మరి" అని రాతమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వేది.

పుట్టింట్లో తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. కొడుకులు లేరు కాబట్టి రంగు డబ్బాలు మోయడానికి ఈవిడ వెంట వెళ్లేది. పదిహేనేళ్లకే తండ్రి కింద కూర్చుని టీ తాగుతుంటే నిచ్చెన ఎక్కి సగం బోర్డు పూర్తి చేసేదట. జూకి తుప్పు పట్టిన బోర్డులు తిరగరాయడానికి ఒక నెల పని మీద వచ్చింది. నేను చేరేనాటికి ఆ నెల ఇరవై రెండేళ్లయింది.

ఆవిడ పని చూడడం నాకు ఇష్టంగా ఉండేది. ముందు పలక మీద సుద్ద పూసిన దారాన్ని బిగించి చిటిక వేసినట్టు వదిలేది. తెల్లటి గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు కూర్చునేవి. తలకట్లన్నీ ఒక వరసలో ఉండాలి, కొమ్ములు పక్క అక్షరాన్ని పొడవకూడదు. రాసే ముందు ఆ జంతువు బోను దగ్గరికి వెళ్లి అరగంట నిలబడి వచ్చేది. ఎందుకంటే, పేరు పక్కన అరచేయంత బొమ్మ కూడా వేసేది. జింకకు జింక, తాబేలుకు తాబేలు. చదువు రాని పిల్లలు కూడా తెలుసుకోవాలిగా అనేది. పిల్లల గురించే అంటోందనుకున్నాను.

ఇక అందరూ తాళాలాయన అని పిలిచే కాపరి సంగతి. పెద్దపులి, సింహం, చిరుతల బోన్లన్నీ ఆయన చేతిలో ఉండేవి. నడుముకు కట్టిన గుత్తిలో ముప్పై దాకా తాళంచెవులు. ఆయన వస్తుంటే ముందు చప్పుడు వచ్చేది, ఆనక మనిషి వచ్చేవాడు. యాభై నాలుగేళ్ల మనిషి, మాట తక్కువ. మాంసం ముక్కలు వేసేటప్పుడు జంతువులతో మాత్రం మాట్లాడేవాడు. మగ చిరుతను కూనగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచాడు. పద్దెనిమిదేళ్లుగా దాన్ని ఆయన "చిరుతా" అనే పిలుస్తున్నాడు, ఇంట్లో పిల్లవాణ్ణి పిలిచినట్టు. అది కూడా ఆ మాట వింటే చెవి తిప్పేది.

దాని బోను మీద బోర్డు కూడా 'చిరుత' అనే ఉండేది. అలా ఎందుకుందో నాకు చాలా రోజుల తరువాత తెలిసింది.

నేను చేరిన మూడో ఏడు మా జూకి ఆఫ్రికా నుంచి ఒక ఆడ జంతువు వచ్చింది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, చిన్న తల, కంటి కొస నుంచి మూతి దాకా కాటుక కారినట్టు నల్లటి చార. ఇంగ్లీషు కాగితాల మీద చీతా అని ఉంది. పత్రికలవాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుని, మర్నాడు 'మన జూకి చిరుత వచ్చింది' అని రాశారు. జూ పెద్ద అధికారి క్యూరేటర్ గారు ఆ పత్రిక కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. బోర్డు కూడా అదే పేరుతో రాయమన్నారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

రాతమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడింది. "సార్, ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది కదండీ."

"అది చిరుతపులి అమ్మా. ఇది చిరుత."

"దాని బోర్డు మీద కూడా చిరుత అనే ఉందండీ."

"ఎవరు రాశారు?"

"నేనే రాశానండీ."

"మరింకేం? అది తరువాత చూద్దాం. ముందు ఇది రాసెయ్. మంత్రిగారు ఆదివారం వస్తున్నారు. అన్నట్టు, ఇకనుంచి బోర్డుల మీద బొమ్మలొద్దు. అన్నీ ఒకే పద్ధతిలో, అక్షరాలే ఉండాలి."

బయటికి వచ్చాక రాతమ్మ నావైపు చూసింది, నేనేమైనా అంటానేమోనని. కొత్తదాని పేరు చిరుత కాదని క్యూరేటర్ గారికి నచ్చజెప్పడానికి, ఆ గదిలో జంతువుల చదువు చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్దాయనతో వాదన ఎందుకని ఊరుకున్నాను. ఆవిడ రాసేసింది. మంత్రిగారు వచ్చారు, చేతులు ఊపారు, వెళ్లిపోయారు. 'తరువాత చూద్దాం' అన్నది ఎవరూ చూడలేదు.

ఏడు నెలలు గడిచాయి. తాళాలాయన దాన్ని 'కొత్తది' అనే పిలిచేవాడు. చీతాకు ఒక కోరపన్ను విరిగి చిగురు వాచింది. తిండి ఒక పక్కతోనే నములుతోంది. మత్తు ఇచ్చి పన్ను తీసేయాలని నిర్ణయించాను. మత్తిచ్చే ముందు జంతువు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా దగ్గర పెద్ద జంతువులకు మాంసం పొద్దున ఏడింటికి వేస్తారు. అందుకని ముందురోజు సాయంత్రం ఒక చీటీ రాసి తాళాలాయనకు ఇచ్చాను. 'చిరుతకు రేపు పొద్దున మాంసం వేయవద్దు. పది గంటలకు మత్తు ఇస్తాం.'

చిరుత అని రాశాను. చీతా అని ఎందుకు రాయలేదని తరువాత వెయ్యిసార్లు ఆలోచించాను. ఏ కారణమూ లేదు. రోజూ ఆ బోర్డు ముందు నుంచే వెళ్తున్నాను, అదే చేతికి వచ్చింది.

మర్నాడు పదికి తక్కువ పది నిమిషాలప్పుడు గేటు దగ్గర తాళాలాయన కనిపించాడు.

"చిరుతకు పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదుగా?" అన్నాను.

"చుక్క నీళ్లు తప్ప ఏమీ లేదండీ. పాపం, గోల చేస్తోంది. నేను ముందెళ్లి బోను దగ్గరుంటానండీ" అని వెళ్లాడు.

నేను మందుల గదికి వెళ్లి సిరంజి నింపుకుని, అక్కడుండే మారు తాళంచెవి తీసుకుని, ఇద్దరు సహాయకులతో చీతా బోను దగ్గరికి చేరాను. అక్కడ తాళాలాయన లేడు. చెప్పి కూడా రాలేదని విసుగొచ్చింది. మందు సిద్ధంగా ఉంది, ఎండ పెరుగుతోంది. ఇంకో అయిదు నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు. సూది వేశాను. చీతా తూలి, కూర్చుని, పక్కకు ఒరిగింది. మేం లోపలికి వెళ్లి నోరు తెరిచేలోపే దాని పొట్ట ఎగిరింది. పొద్దున తిన్న మూడు కిలోల మాంసం, ఎముక ముక్కలతో సహా బయటికి వచ్చింది. కొంత లోపలికి పోయింది.

అక్కడికి వంద గజాల దూరంలో, ముసలి చిరుతపులి బోను దగ్గర, తాళాలాయన మా కోసం ఎదురు చూస్తూ నిలబడి ఉన్నాడు. దాన్ని ఇరుకు గదిలోకి మళ్లించి, గొళ్లెం వేసి, "కాసేపు ఓర్చుకో నాయనా" అని చెబుతూ.

ఆ పూట ఎలా గడిచిందో వివరంగా రాయలేను. గొట్టం వేసి లాగాం, తలకిందులుగా పట్టుకున్నాం, ఆక్సిజన్ పెట్టాం. ప్రాణం పోలేదు కానీ నిమ్ము చేసింది. పంతొమ్మిది రోజులు అది లేవలేదు. తాళాలాయన మధ్యాహ్నం అన్నం కూడా ఆ బోను ముందే తినేవాడు. తినేవాడంటే డబ్బా తెరిచి మూసేవాడు. రాతమ్మ రోజుకు రెండుసార్లు వచ్చి, కాస్త దూరంగా నిలబడి, దాని పక్కటెముకలు ఎగిరిపడటం లెక్కపెట్టి వెళ్లేది. "నిన్నటికంటే నాలుగు తగ్గాయి బాబూ" అనేది. నేను స్టెతస్కోపుతో కనుక్కున్నదీ అదే.

పన్నెండో రోజున క్యూరేటర్ గారి గదిలో విచారణ జరిగింది. బయటి నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. చీటీ బల్ల మీద ఉంది. నన్ను అడిగితే చెప్పాను: "బోను మీద బోర్డులో ఏ పేరు ఉందో ఆ పేరే రాశానండీ."

అది అబద్ధం కాదు. కానీ ఆ మాట అనేటప్పుడు నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఎందుకంటే దాని అర్థం అక్కడ అందరికీ వెంటనే తెలిసింది: తప్పు చీటీది కాదు, చీటీ చదివి బోర్డు చూసుకోనివాడిది.

అధికారుల్లో ఒకాయన తాళాలాయన వైపు తిరిగాడు. "చీటీ మీద చిరుత అని ఉంది. ఆ బోను మీద చిరుత అని ఉంది. నువ్వు చదవలేదా?"

తాళాలాయన నేల చూస్తున్నాడు. నడుముకు గుత్తి లేదు, ముందురోజే తీసుకున్నారు. అది లేకుండా ఆయన సగమైపోయినట్టు కనిపించాడు. "చిరుతకే ఆపానండీ" అన్నాడు చివరికి. "మా చిరుతకే."

"చదివావా లేదా అని అడుగుతున్నా."

ఆయన మాట్లాడలేదు. ఆ మౌనం ఎందుకో నాకు అర్థం కాలేదు. మొండితనమనుకున్నాను.

రాతమ్మను సాక్షిగా పిలవలేదు. బోర్డు కొలతల గురించి అడగడానికి బయట బెంచీ మీద కూర్చోబెట్టారంతే. తలుపు తీసే ఉంది. ఆవిడ లేచి లోపలికి వచ్చింది.

"ఆ చీటీ చదివింది ఆయన కాదండీ, నేను. ఆ రోజు ఆయన కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చారు. నా షెడ్డుకొచ్చి చదివి పెట్టమంటే చదివాను. ఆ రెండు బోర్డులూ రాసింది నేను. రెండిటి మీదా ఒకే పేరు ఉందని ఈ జూలో అందరికంటే బాగా తెలిసింది నాకు. ఏ చిరుత అని నేను అడగాలి. రంగు ఆరిపోతోందన్న తొందర్లో చదివేసి కాగితం చేతిలో పెట్టాను. పద్దెనిమిదేళ్ల కిందట ఆ మొదటి బోర్డు మీద పూర్తి పేరు రాసి ఉంటే ఈ గొడవే లేకపోను. రేకు పొట్టిది దొరికింది. చిరుతపులి అని అయిదక్షరాలు పట్టలేదు. చివరి రెండూ కోసేశాను. అదండీ జరిగింది."

అధికారులు చీటీని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. నేను మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను: కళ్లద్దాలు. తాళాలాయనను మూడేళ్లుగా రోజూ చూస్తున్నాను. ఆయన ఎన్నడూ కళ్లద్దాలు పెట్టుకోలేదు. చెట్టు చివర కూర్చున్న పిట్టను కూడా గుర్తుపట్టే చూపు ఆయనది. అప్పుడు మెల్లగా తెలిసింది. నేనిచ్చిన ప్రతి చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఏనుగుల ఆవరణ వైపు ఎందుకు నడిచేవాడో, బోర్డుల మీద బొమ్మలు ఎవరి కోసం ఉండేవో, బొమ్మ లేని కొత్త బోర్డు మీద ఉన్న పేరు కూడా చిరుతేనని ఆయనకు ఎందుకు తెలియలేదో. ఆయనకు చదవడం రాదు. ఇన్నేళ్లూ ఆ సంగతి ఆవిడొక్కదానికే తెలుసు. ఇప్పుడు కూడా దాన్ని బయటపెట్టకుండా, నింద అంతా తన నెత్తిన వేసుకుంటోంది.

ఆవిడ అలా నిలబడితే నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి చెప్పాను. ఆ జంతువు పేరు చీతా అని నాకు తెలుసని, తెలిసీ చీటీ మీద రాయలేదని, బోర్డు రాయించిన నాడే అభ్యంతరం చెప్పాల్సింది నేనని, ఆ పొద్దున కాపరి వచ్చేదాకా ఆగకుండా సూది వేశానని. చెబుతుంటే భయం వేయలేదు. ముందు చెప్పిన మాటకే ఇంకా ఎక్కువ సిగ్గనిపించింది.

నాకు గట్టి హెచ్చరిక వచ్చింది, అది నా ఫైలులో ఇప్పటికీ ఉంది. తాళాలాయన గుత్తి తాళాలాయనకు ఇచ్చేశారు. రాతమ్మకు శిక్ష లాంటిదే ఒక పని పడింది. క్యూరేటర్ గారు విసుగ్గా, "ఏది సరైన పేరో నువ్వూ డాక్టరూ తేల్చి, కాగితం మీద సంతకాలు పెట్టి తీసుకురండి. మళ్లీ పత్రికల్లో రాకూడదు" అన్నారు.

ఆదివారం రాతమ్మ ఇంటికి వెళ్లాను. రెండో అంతస్తులో మూడు గదులు. ముందు గదిలో కిటికీ కింద అత్తగారు చిక్కుళ్లు వలుస్తోంది. బల్ల మీద మూడు లావుపాటి నిఘంటువులు. వాటిని తెచ్చింది రాతమ్మ పేరే ఉన్న ఆడపడుచు. ఆవిడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిందట. ఒకరు అక్షరాలు రాస్తారు, ఒకరు దిద్దుతారు, మధ్యలో నాకు చెవులు చిల్లులు పడతాయి అంది అత్తగారు.

ఆడపడుచు కళ్లజోడు సర్దుకుని వేలితో చూపించింది. "చూడు వదినా. చిరుత అంటే ముందు జంతువే కాదు. చిన్నది అని. చిరునవ్వు, చిరుగాలి, చిరుతిండి అంటామే, ఆ చిరు. చిరుత ప్రాయం అంటే చిన్న వయసు. పెద్దపులి కంటే చిన్నది కాబట్టి చిరుతపులి."

రాతమ్మ ఆ పేజీ మీదికి వంగింది. "అయితే నేను రేకు చాలక కోసేసింది పులిని. ఉంచింది ఒట్టి 'చిన్న'ని."

"ఆవును తోలేసి పగ్గం కట్టేసుకున్నావు" అంది అత్తగారు చిక్కుళ్ల మీంచి తల ఎత్తకుండా.

"నువ్వొక్కదానివే కాదులే వదినా. జనం నోట్లో కూడా పులి ఎప్పుడో రాలిపోయింది. చిరుత అంటే చాలు, తెలిసిపోతుంది కాబట్టి. ఇన్నాళ్లూ ఇంకోటి లేదు కదా తేడా రావడానికి." ఆవిడ ఇంకో పుస్తకం తెరిచింది. "ఇక చీతా. ఇది చిత్రం అన్న మాట నుంచి వచ్చిందంటున్నారు. చిత్రం అంటే ఇక్కడ మచ్చలు, రంగులు. ఒళ్లంతా మచ్చలున్నది అని."

"అయితే ఇది దానికే సరిపోయింది" అన్నాను ఉత్సాహంగా. "చీతాకు నిండు చుక్కలు. చిరుతపులికి నడుమ ఖాళీగా ఉండే పువ్వుల్లాంటి మచ్చలు."

"ఆగండి డాక్టరు గారూ. చిత్రకాయం అని పాత మాట ఒకటుంది. మచ్చల ఒళ్లు గలది అని. దానికి అర్థం ఏం రాశారో చూడండి."

చూశాను. చిరుతపులి అని ఉంది. పక్కన, పులి అని కూడా ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషులో కూడా ఇదే తంతని చెప్పాను. లెపర్డ్ అన్న మాటలో ముందు సగం సింహం, వెనక సగం పార్డ్ అనే మచ్చల జంతువు. ఆ రెండిటికీ పుట్టిన పిల్ల అది అని పాతకాలం వాళ్లు నమ్మారు. ఇక చీతాను చాలాకాలం వాళ్లు 'వేట లెపర్డ్' అన్నారు, వేటకు పెంచేవారు కాబట్టి.

"అయితే వాళ్లకీ రేకు చాల్లేదన్నమాట" అంది అత్తగారు.

సివంగి అన్న మాట కూడా వెతికాం. ఒక్కో పుస్తకం ఒక్కో జంతువును చూపిస్తోంది. జనం మాత్రం ఆడసింహం అనుకుంటారు. అది ఎత్తితే మూడో గొడవ మొదలవుతుందని పుస్తకాలు మూసేశాం.

చాలాసేపు కూర్చున్నాం. నాకు ఆ మధ్యాహ్నం ఎందుకో మనసు తేలికపడింది, తేలింది ఏమీ లేకపోయినా. ఏ పేరూ ఏ జంతువుకూ రాసిచ్చిన ఆస్తి కాదు. చూసినవాడు తనకు అప్పటికి తెలిసిన దాని పక్కన పెట్టి, ఇది దానికంటే చిన్నది, దీనికి మచ్చలున్నాయి అన్నాడు. ఇంకొకడు అదే మాటను ఇంకో జంతువు మీద వేశాడు. అబద్ధం ఎవరూ ఆడలేదు. పేరు పెట్టినవాడు ఒకదాన్నే చూశాడు, రెండో దాన్ని చూడలేదు, అంతే. మేమైతే రెండిటినీ చూశాం. మాకు ఆ సాకు లేదు.

ఆ మాటే రాతమ్మ తన ధోరణిలో అంది. "పుస్తకాలది ఏం తప్పు లేదు బాబూ. వాటిలో ఈ రెండూ ఒకే జూలో లేవు. మనకున్నాయి. ఉన్నచోట తేడా చెప్పాలి." కాగితం తీసుకుని, 'పాతదానికి చిరుతపులి. కొత్తదానికి చీతా' అని రాసింది. సంతకం పెట్టబోతూ ఆగి ఆడపడుచు వైపు చూసింది. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఇంటి పేరు కూడా రాయి వదినా, లేకపోతే నేను సంతకం పెట్టాననుకుంటారు అంది ఆడపడుచు. పెళ్లయ్యాక తన ఇంటి పేరు వేరు కదా.

క్యూరేటర్ గారు కాగితం చదివి పెదవి విరిచారు. "చీతా అంటే పరాయి మాటలా లేదూ?"

"ఆ జంతువు కూడా పై దేశం నుంచి వచ్చిందే కదండీ" అంది రాతమ్మ. "పేరు వెంట తెచ్చుకుంది. ఉండనివ్వండి. ఇంకొక్క మనవి. ఈ రెండిటికీ బొమ్మ వేస్తాను. వేయొద్దంటే బోర్డు ఇంకెవరిచేతైనా రాయించుకోండి."

ఇరవై అయిదేళ్లలో ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం క్యూరేటర్ గారు విని ఉండరు. వేసుకో అన్నారు.

బొమ్మలు వేసే ముందు రాతమ్మ తాళాలాయనను షెడ్డుకు పిలిచింది. నేను అప్పుడు అక్కడే, ఒక బల్ల మీద కూర్చుని ఉన్నాను. "రెండిట్లో తేడా నీకేం కనిపిస్తుంది అన్నా? చటుక్కున చూస్తే ఏది పడుతుంది కంటికి?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మొహం చూస్తే చాలమ్మా. కొత్తదానికి కంట్లోంచి నల్లగీత కిందికి దిగుతుంది, ఏడ్చి తుడుచుకోనట్టు. మనవాడికి అది ఉండదు. ఇంకోటి, కొత్తది గోళ్లు పూర్తిగా లోపలికి తీసుకోదు. కుక్కలాగా నేల మీద గుర్తు పడుతుంది. మనవాడి అడుగుల్లో గోరు కనబడదు. కొత్తది గర్జించదు కూడా, పిచ్చుకలాగా కూస్తుంది. మొదట నాకు నవ్వొచ్చేది."

వీటిలో సగం నేను కాలేజీలో పరీక్ష కోసం చదివి మరిచిపోయాను. ఆయన ఎక్కడా చదవలేదు. రాతమ్మ రెండు మొహాలు వేసింది, పక్కన రెండు అడుగుజాడలు. ఒకదానికి గోళ్లు, ఒకదానికి లేవు. ఆ బోర్డులు చూడడానికి జనం బోను దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ నిలబడేవారు.

చదవడం నేర్పిస్తానని రాతమ్మ ఆయన్ని అడిగిందని తరువాత తెలిసింది. ఆయన వద్దన్నాడట. "ఇన్నేళ్లూ నువ్వు చదివిపెట్టావు. ఇప్పుడు నేను నేర్చుకుంటే నీ షెడ్డుకి రావడానికి సాకు ఏముంటుందమ్మా" అన్నాడట. నేను మాత్రం ఆనాటి నుంచి చీటీలు ఇవ్వడం మానేశాను. బోను దాకా నడిచి వెళ్లి, జంతువును వేలితో చూపించి చెప్పేవాణ్ణి. అలా నడవడం వల్ల లేకుంటే నా దృష్టికి రాని రోగాలు కొన్ని ముందే కనిపించేవి. వైద్యం అక్కడే నేర్చుకున్నానని చెప్పినా తప్పు లేదు.

చీతా కోలుకుంది. పరుగులో మునుపటి వేగం లేదు, పది గంతులు వేస్తే రొప్పేది. అయినా నాలుగేళ్లు బతికి, వయసు మీదపడి పోయింది. చూడవచ్చే జనంలో సగం మంది ఆఖరిదాకా దాన్ని చిరుత అనే పిలిచారు, బోర్డు ముందే నిలబడి. ఒకసారి నేను సరిదిద్దబోతే రాతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పిలుచుకోనీ బాబూ. వాళ్లేమీ మందు వేయడం లేదుగా."

చీతా పోయిన నెలకు ఆ బోనులోకి వేరే జంతువు వచ్చింది. రాతమ్మ పాత రేకును గీకి, ఎరుపు పూత పూసి, దారం బిగించింది. నన్ను చూసి కుంచె పక్కన పెట్టింది.

"ముళ్లపంది అని రాయమన్నారు. రాయొచ్చా? ఈ పేరుతో ఇంకేదైనా ఉందా లోకంలో?"

నేను ఆలోచించాను. "ఉంది. ఇంతకంటే బాగా చిన్నది, ముళ్లున్న ఇంకో జీవి. ముట్టుకుంటే బంతిలా ముడుచుకుంటుంది. కొందరు దాన్ని కూడా ముళ్లపందే అంటారు. రెండిటికీ చుట్టరికం లేదు. రెండూ పందులు కూడా కావు."

ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "మన దగ్గరికి వస్తుందా అది?"

"చెప్పలేం."

"అయితే బొమ్మకు ఈ పక్కన అరచేయంత చోటు వదులుతాను" అని సుద్ద దారాన్ని జానెడు ఇవతలికి జరిపింది.